రంగుల తోలు హీల్స్: ఎంపిక, ధారణ, సంరక్షణ

ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, వంకాయ వంటి రంగులు పట్టించిన తోలుతో చేసిన ఎత్తు మడమల పాదరక్షలను రంగుల తోలు హీల్స్ అంటారు. వెనకటి తరం వారు వీటిని ఎత్తు చెప్పులు, ఎత్తు మడమల జోళ్లు అనేవారు. ఇప్పుడు పట్నంలోనూ పల్లెలోనూ హీల్స్ అన్న మాటే స్థిరపడింది. వేళ్లను కప్పేసే పంప్స్, పట్టీలతో ఉండే శాండల్స్, వెనక మడమకు ఒకే పట్టీ ఉండే స్లింగ్‌బ్యాక్, చీలమండ దాకా వచ్చే బూటు ఇవన్నీ ఈ కోవలోవే.

కొనేవారు ముందు రంగు చూస్తారు, తరువాత ఎత్తు, ఆఖరున కొలత. కాలికి వేసుకున్నాక ఈ వరుస తిరగబడుతుంది. మొదటి గంటలోనే కొలత సంగతి బయటపడుతుంది, సాయంత్రానికి ఎత్తు సంగతి, ఏడాది తిరిగేసరికి రంగు సంగతి. ఆ రంగు తోలులోకి ఎలా దిగిందన్న ప్రశ్న మాత్రం దుకాణంలో దాదాపుగా ఎవరూ అడగరు. ఆ జతను తడిగుడ్డతో తుడవవచ్చా, క్రీము రాయాలా, వానలో వేసుకోవచ్చా, గీత పడితే పోతుందా అన్న వాటన్నిటికీ జవాబు అక్కడే ఉంది. అందుకే ఈ వ్యాసం తోలుతో మొదలవుతుంది.

తోలులోకి రంగు దిగే తీరు

పచ్చి చర్మం కుళ్లకుండా నిలవాలంటే దాన్ని పదును చేయాలి. దక్షిణ భారతంలో తరతరాలుగా ఈ పనికి వాడినవి తంగేడు చెక్క, కరక్కాయ. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా, బతుకమ్మలో పేర్చే పసుపు పువ్వుగా అందరికీ తెలిసిన ఆ తంగేడు బెరడులోని టానిన్లు చర్మంలోని కొలాజెన్ పోగులను పట్టి బిగిస్తాయి. ఊరి చివర లందల్లో చర్మాలు నానబెట్టి, ఆరె, రంపె పట్టి చెప్పులు కుట్టిన మాదిగ కుటుంబాల దగ్గరే తెలుగునాట ఈ విద్య నిలిచింది. దానికి దక్కవలసిన గౌరవం దక్కకపోగా అంటరానితనం అంటగట్టారు. తంగేడు, కరక్కాయలతో పదునై మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు ఓడలెక్కిన తోలుకే ఈస్టిండియా తోలని పేరు వచ్చింది. ఇవాళ ఇ.ఐ. లెదర్ పేరుతో దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

చెట్ల కషాయంతో పదునైన తోలు గోధుమ ఛాయకు తిరుగుతుంది. దాని మీద ముదురు ఎరుపు, ఇటుక రంగు, మామిడాకు పచ్చ నిండుగా కూర్చుంటాయి. లేత గులాబీ, ఆకాశనీలం మసకబారతాయి. పైగా వెలుతురు సోకేకొద్దీ తోలు తానే ముదురుతుంది కనుక మొదటి రోజు ఛాయ రెండేళ్ల తరువాత ఉండదు.

రంగుల చెప్పుల బజారును మార్చేసింది క్రోమియం పదును. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ నాప్ 1858లో ఈ పద్ధతిని వివరించాడు. అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ 1884లో పరిశ్రమకు పనికొచ్చే విధానానికి పేటెంట్ పొందాడు. వారాలు, నెలలు పట్టే పని ఒకటి రెండు రోజులకు దిగింది. క్రోమియంతో పదునైన తడి తోలు లేత నీలంగా ఉంటుంది కాబట్టి వ్యాపారంలో దాన్ని వెట్ బ్లూ అంటారు. ఇందులో క్రోమియం ధనావేశంతో ఉంటుంది, ఆమ్ల రంగులు రుణావేశంతో ఉంటాయి. పెద్ద పెద్ద పీపాల్లో తోలును, రంగు నీళ్లను కలిపి గంటల తరబడి తిప్పితే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. చివర్లో ఫార్మిక్ ఆమ్లం కలిపి రంగును బిగిస్తారు. 1856లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ కనిపెట్టిన ఊదా రంగుతో మొదలైన కృత్రిమ రంగుల వరుస అప్పటికే సిద్ధంగా ఉంది. ఈ రెండూ కలిశాకే చిలకపచ్చ, రాణీ రంగు, నెమలికంఠం నీలం తోలు మీద సాధ్యమయ్యాయి. ప్రపంచంలో తయారయ్యే తోలులో ఐదింట నాలుగు వంతులు ఈ పద్ధతిదే.

దీని మూల్యం నీళ్లు చెల్లించాయి. తమిళనాడులో అంబూరు, వాణియంబాడి, రాణిపేట తోలు కార్ఖానాల మురుగుతో పాలారు పరీవాహకంలో బావులు, పొలాలు పాడయ్యాయి. వేలూరు పౌరుల సంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు, కాలుష్యం చేసినవారే నష్టం భరించాలన్న సూత్రాన్ని మన చట్టంలో భాగం చేసింది. చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో హానికరమైన ఆరు సంయోజకత క్రోమియం కిలోకు 3 మిల్లీగ్రాములకు మించకూడదని ఐరోపా సమాఖ్య 2015 నుంచి కట్టడి చేసింది. చెన్నైలో 1948లో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థ తక్కువ నీటితో, తక్కువ క్రోమియంతో పదును చేసే పద్ధతుల మీద చాలా పని చేసింది.

రంగు పట్టిన తోలుకు ఆఖరున ఇచ్చే మెరుగును బట్టి రకాలు ఏర్పడతాయి. పైన పూతేమీ లేకుండా రంగు నీళ్లతోనే తయారైనది అనిలిన్ తోలు. రోమకూపాలు, మచ్చలు కనిపిస్తాయి. ముట్టుకుంటే మెత్తగా, వెచ్చగా ఉంటుంది. రంగుకు లోతు ఉంటుంది కానీ నీటిచుక్క పడితే పీల్చుకుని మచ్చవుతుంది. రంగు పొడిని జిగురుతో కలిపి పైన పూసినది పిగ్మెంట్ తోలు. అంతటా ఒకే ఛాయ, నీరు జారిపోతుంది, మడత దగ్గర మాత్రం కొన్నాళ్లకు పూత చిట్లుతుంది. రెండింటికీ మధ్యది సెమీ అనిలిన్. రోజువారీ వాడకానికి నేను సిఫార్సు చేసేది ఇదే. అద్దంలా మెరిసే మందపు పూత ఉన్నది పేటెంట్ తోలు. పైపొరను గీరి మెత్తని నూగు తెప్పించినది నూబక్, లోపలి వైపును నూగు చేసినది స్వేడ్. బంగారు, వెండి రంగుల తోలు మీద ఉండేది పలుచని రేకు పొర. గట్టిగా రుద్దినా, స్పిరిట్ తగిలినా అది లేచిపోతుంది.

రౌతుల మడమ నుంచి రాణుల మడమకు

మడమ ఎత్తు మొదట గుర్రపు రౌతులది, మగవారిది. పర్షియా రౌతులు రికాబులో కాలు జారకుండా నిలిపి, జీనుపై లేచి బాణం వేయడానికి ఎత్తు మడమల జోళ్లు తొడిగేవారు. కెనడాలో టొరంటోలోని బాటా షూ మ్యూజియంలో 17వ శతాబ్దపు పర్షియన్ రౌతు జోళ్లు ఉన్నాయి. గుర్రం లేదా గాడిద పిరుదుల చర్మం తడిగా ఉన్నప్పుడు గింజలు అదిమి, గరుకు తెప్పించి, ఆకుపచ్చ రంగు వేసే షాగ్రీన్ అనే తోలు అప్పట్లో ఇలాంటి జోళ్లకు వాడేవారు. అంటే ఎత్తు మడమల మీద రంగుల తోలు కొత్త సంగతేమీ కాదు. షా అబ్బాస్ 1599లో ఐరోపా రాజ్యాలకు రాయబారులను పంపాడు. పర్షియా మోజు అక్కడ పెరిగిన ఆ కాలంలోనే దొరలు ఈ మడమలను అందుకున్నారని చరిత్రకారుల అభిప్రాయం.

వీటితో సంబంధం లేకుండా వెనిస్ స్త్రీలు చోపీన్ అనే దిమ్మెల చెప్పులు వేసుకునేవారు. కొన్నిటి ఎత్తు 50 సెంటీమీటర్ల దాకా ఉంది. ఇరుపక్కలా ఎవరో పట్టుకుంటే తప్ప నడవలేని ఎత్తు అది. మడమ, మునివేళ్లు ఒకే ఎత్తున ఉంటాయి కనుక ఇవి ఇప్పటి హీల్స్‌కు నేరుగా పూర్వరూపం కావు, ప్లాట్‌ఫామ్ చెప్పులకు పూర్వరూపం.

ఫ్రాన్స్ రాజు 14వ లూయీ మడమలకు ఎరుపు వేయించాడు. హయసింత్ రిగో 1701లో చిత్రించిన, ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉన్న రాజు నిలువెత్తు చిత్రంలో తెల్లటి మేజోళ్ల కింద ఆ ఎర్ర మడమలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆస్థాన ప్రవేశం ఉన్న దొరలే ఎర్ర మడమలు తొడగాలన్న మర్యాద ఏర్పడి, ఎర్ర మడమ అన్న మాటకే ఆస్థాన ప్రభువు అన్న అర్థం వచ్చింది. ఫ్రెంచి విప్లవంతో ఆ మడమలూ దిగిపోయాయి. 19వ శతాబ్దం మధ్యలో ఎత్తు మడమ తిరిగి వచ్చేసరికి అది ఆడవారిదైపోయింది.

20వ శతాబ్దంలో ఈ చరిత్రకు రంగులద్దిన మనిషి ఇటలీ చెప్పుల శిల్పి సాల్వతోరె ఫెర్రగామో. ఇథియోపియాపై దాడి వల్ల 1935లో ఇటలీపై ఆంక్షలు పడి, పాదం వంపు కింద పెట్టే మంచి ఉక్కు బద్దలు కరువయ్యాయి. అప్పుడాయన బెండుతో మడమ నుంచి ముందు దాకా నిండుగా ఉండే వెడ్జ్ చేశాడు. 1938లో నటి జూడీ గార్లండ్ కోసం చేసిన చెప్పులో బంగారు రంగు మేకపిల్ల తోలు పట్టీలు, వాటి కింద ఒక్కో పొరకు ఒక్కో రంగు స్వేడ్ చుట్టిన బెండు దిమ్మె. ఇంద్రధనుస్సు పేరుతో ప్రసిద్ధమైన ఆ చెప్పు చూస్తే, ఎనభై ఏళ్లు దాటినా నిన్న దుకాణంలో పెట్టినట్టుంటుంది. రంగుల తోలు హీల్స్‌లో దాన్ని మించినది నాకు కనిపించలేదు.

రెండో ఎలిజబెత్ రాణి 1953 పట్టాభిషేకానికి రోజే వివియే చేసిన జత కూడా బంగారు రంగు మేకపిల్ల తోలుదే, మడమల మీద కెంపులు పొదిగారు. 1950లలోనే వివియే, ఫెర్రగామో, ఆంద్రె పెరూజియా వంటివారి చేతుల్లో సూది మడమ రూపుకట్టింది. చెక్క మడమను అంత సన్నగా చెక్కితే విరుగుతుంది కాబట్టి లోపల లోహపు కడ్డీ పెట్టడంతోనే స్టిలెట్టో సాధ్యమైంది.

21వ శతాబ్దంలో రంగు కోర్టుకెక్కింది. ఫ్రెంచి రూపకర్త క్రిస్టియాన్ లుబుతాఁ 1990ల తొలినాళ్లలో ఒక నమూనా జత అడుగుకు గోళ్ల రంగు పూసి చూసి, అప్పటి నుంచి ఎర్ర అడుగును తన గుర్తుగా చేసుకున్నాడు. పైతోలు వేరే రంగులో ఉన్నప్పుడు ఎర్ర అడుగుపై ఆయన హక్కు చెల్లుతుందని 2012లో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది. చెప్పంతా ఎరుపైతే ఆ హక్కు వర్తించదు. ఢిల్లీ హైకోర్టు 2017లో దాన్ని సుప్రసిద్ధ వాణిజ్య చిహ్నంగా గుర్తించింది. ఐరోపా న్యాయస్థానం 2018లో ఆయన పక్షానే నిలిచింది.

మడమ నిర్మాణం, ఎత్తు

హీల్ చెప్పును పైనుంచి చూస్తే తోలు, కిందనుంచి చూస్తే వంతెన. పైతోలు, లోపల అస్తరు, వేళ్ల దగ్గర గట్టి తొడుగు, మడమ వెనక గట్టి తొడుగు, పాదం కింద లోపలి అడుగు, నేలకు తగిలే అడుగు ఇవి కనబడే భాగాలు. కనబడనిది షాంక్. మడమ నుంచి మునిపాదం దాకా వంపు తిరిగి ఉండే ఈ ఉక్కు బద్దే శరీర బరువును మోస్తుంది. ఇది నాసిరకందైతే నడిచేటప్పుడు చెప్పు మధ్యలో ఊగుతుంది. మడమ సాధారణంగా గట్టి ప్లాస్టిక్, సన్నని రకమైతే లోపల ఉక్కు కడ్డీ ఉంటుంది. దాని కొసన నేలకు తగిలే చిన్న బిళ్లను టిప్ అంటారు.

ఎత్తును మడమ వెనక భాగంలో కొలుస్తారు. అసలు లెక్క మడమ ఎత్తుది మాత్రమే కాదు, ముందు దిమ్మె తీసేయగా మిగిలినదాన్నే కాలు భరిస్తుంది. 10 సెంటీమీటర్ల మడమ, ముందు 3 సెంటీమీటర్ల దిమ్మె ఉంటే పాదానికి తెలిసే ఎత్తు 7 సెంటీమీటర్లే. కిటెన్ హీల్ 4, 5 సెంటీమీటర్ల చిన్న మడమ. బ్లాక్ హీల్ లావుగా, చదరంగా ఉండి ఎక్కువ నిలకడనిస్తుంది. వెడ్జ్ మొత్తం అడుగంతా నిండి ఉంటుంది.

స్టిలెట్టో టిప్ ఒక చదరపు సెంటీమీటరు ఉందనుకుందాం. 60 కిలోల మనిషి బరువు ఒక్క క్షణం ఆ టిప్ మీదే పడితే ప్రతి చదరపు సెంటీమీటరుకూ 60 కిలోలు. 4,000 కిలోల ఏనుగు నాలుగు కాళ్లపై నిలబడితే, ఒక్కో పాదం వైశాల్యం సుమారు వెయ్యి చదరపు సెంటీమీటర్లు కనుక, అక్కడ పడేది ఒక కిలో మాత్రమే. 1950లలో చెక్క నేలలు గుంతలు పడ్డాయన్న గోల పుట్టింది అందుకే. పురాతన రంగస్థలాల రాతిమెట్లు దెబ్బతింటున్నాయని గ్రీసు 2009లో అక్కడ ఎత్తు మడమలను నిషేధించింది. కల్యాణ మండపాల పచ్చిక మీద సూది మడమ దిగబడిపోవడానికీ కారణం ఇదే. దానికి మందుగా మడమ కొసకు తొడిగే చిన్న పారదర్శక టోపీలు దొరుకుతాయి.

కాలు చెప్పే లెక్క

మడమ లేచేకొద్దీ బరువు మునిపాదం మీదికి జారుతుంది. పిక్క కండరం రోజూ పొట్టిగా ముడుచుకుని ఉంటే ఆ పొట్టితనానికే అలవాటు పడుతుంది. కనీసం 5 సెంటీమీటర్ల మడమలు రెండేళ్లకు పైగా తరచూ వేసుకున్న స్త్రీలపై 2010లో వెలువడిన ఒక పరిశోధనలో పిక్క కండర పోగులు సగటున 13 శాతం పొట్టివై, మడమ స్నాయువు మందంగా, బిరుసుగా తేలింది. అలవాటైనవారికి ఉత్తకాళ్లతో నడిస్తే పిక్కలు లాగడం దీనివల్లే. 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఎత్తు మడమలతో మోకీలు లోపలి వైపు భారం దాదాపు 23 శాతం పెరిగిందని చూపింది. 2001లో అదే బృందం వెడల్పాటి మడమలను పరీక్షిస్తే ఆ భారం తగ్గలేదు. బ్లాక్ హీల్ కాలు మడతపడకుండా కాపాడుతుంది కానీ మోకాలిని కాపాడదు. ఈ తేడా చాలామంది అమ్మకందార్లకు తెలియదు.

రోజంతా నిలబడి పనిచేసేవారికి 5 సెంటీమీటర్ల లోపు ఎత్తు నయం. అంతకు మించినది పెళ్లికో, వేదికకో, విందుకో దాచుకోవాలి. మోకాళ్ల నొప్పి, బొటనవేలి కీలు పక్కకు పొడుచుకు రావడం, మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గడం ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా ఎత్తు మడమలు వేసుకోకూడదు.

ఇష్టపడి వేసుకోవడం వేరు, కొలువు కోసం తప్పక వేసుకోవడం వేరు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా, ఆసియాలో ఫిలిప్పీన్స్ 2017లో ఉద్యోగినులకు ఎత్తు మడమలు తప్పనిసరి చేయడాన్ని నిషేధించాయి. జపాన్‌లో 2019లో ఇదే కోరుతూ కూటూ అనే ఉద్యమం నడిచింది.

కొలత

చెప్పు కరిచిందని మనం అంటామే, ఆ కాటుకు మూలం తోలు కన్నా ఎక్కువగా అచ్చు. చెప్పును లాస్ట్ అనే పాదం ఆకారపు అచ్చు మీద బిగించి కుడతారు. మన బజారులో దొరికే హీల్స్ చాలావరకు ఐరోపా పాదాల కొలతలపై చేసిన అచ్చులవి. కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. భారతీయుల పాదాలు సగటున వెడల్పు ఎక్కువని తేలింది. దాని ఆధారంగా భా పేరుతో, వయసును, ఆడ మగ తేడాను బట్టి ఎనిమిది వర్గాలుగా భారతీయ కొలతల పద్ధతిని ప్రతిపాదించింది. వెడల్పు చాలక ఒక సైజు పెద్దది కొనడం మన ఆడవారికి అలవాటు. హీల్స్‌లో ఆ పని చేస్తే పొడవు ఎక్కువై పాదం ముందుకు జారి, వేళ్లు కొసలో ఇరుక్కుంటాయి. వెడల్పు రకం అడగాలి, దొరక్కపోతే వేళ్ల దగ్గర గుండ్రంగానో చదరంగానో ఉన్న అచ్చు ఎంచుకోవాలి.

అంకెల్లోనూ తిరకాసు ఉంది. బ్రిటిష్ పద్ధతిలో ఒక సైజుకు మరో సైజుకు తేడా అంగుళంలో మూడో వంతు, అంటే 8.47 మిల్లీమీటర్లు. ఐరోపా పద్ధతిలో 6.67 మిల్లీమీటర్లు. అందుకే రెండు పట్టికలూ ఎక్కడా కచ్చితంగా కలవవు. పాదం పొడవు మిల్లీమీటర్లలో తెలుసుకోవడం ఉత్తమం. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బినప్పుడు, నిలబడి, రెండు కాళ్లూ కొలవాలి. పెద్ద కాలిని బట్టి కొనాలి.

పాదంలో అన్నిటికన్నా వెడల్పైన చోటు చెప్పులోనూ వెడల్పైన చోటే పడాలి. పాదం వంపు చెప్పు వంపును ఖాళీ లేకుండా ఆనుకోవాలి. ఆ ఖాళీ ఉంటే బరువంతా మునివేళ్ల మీదే పడుతుంది. తోలు వెడల్పుకు సాగుతుంది కానీ పొడవుకు సాగదు కాబట్టి వాడితే వదులవుతుందన్న మాట పక్కల బిగువుకే వర్తిస్తుంది.

దుకాణంలో చూడవలసినవి

జతను చదునైన బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడాలి. రెండు మడమలూ నిటారుగా, ఒకే ఎత్తున ఉండాలి. వేలితో మడమను పక్కకు నెట్టితే కదలకూడదు. టిప్ మొత్తం బల్లకు ఆనాలి. తొడుక్కుని గట్టి నేల మీద పది అడుగులు నడవాలి. దుకాణంలోని తివాచీ మీద నడక ఏమీ చెప్పదు.

రంగు నిలకడకు తేలికైన పరీక్ష ఒకటుంది. తెల్లటి నూలు చేతిరుమాలు కొద్దిగా తడిపి లోపలి అంచున, అంటే చర్మానికి తగిలే చోట, పదిసార్లు రుద్దాలి. రుమాలుకు రంగు అంటితే వేసవి చెమటకు పాదానికీ, చీర అంచుకూ అంటుతుంది. పరిశ్రమలో ఇదే పనిని ఐఎస్ఓ 11640 ప్రమాణం ప్రకారం యంత్రంతో చేసి ఒకటి నుంచి ఐదు వరకు అంకె వేస్తారు.

తోలా, రెగ్జినా అన్నది అంచుల్లో తెలుస్తుంది. కోసిన అంచున పీచు కనబడితే తోలు, గుడ్డ మీద పూత కనబడితే రెగ్జిన్. వాడకుండా పెట్టెలో దాచిన రెగ్జిన్ చెప్పులు రెండు మూడేళ్లకు పొలుసులుగా రాలడం చాలా ఇళ్లలో చూసిందే. గాలిలోని తేమతో పూతలోని పాలీయురెథేన్ విడిపోవడం దానికి కారణం, కోస్తా ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. పైన మంచి తోలు ఉండి లోపల రెగ్జిన్ అస్తరు వేసిన జతలూ ఉంటాయి. వాటిలో కాలు చెమట పడుతుంది. అస్తరు కూడా తోలే అయిన జతకు కాస్త ఎక్కువ పెట్టడం మంచిది.

రంగును దుస్తులతో కలపడం

చీర రంగుకు అచ్చంగా అదే రంగు చెప్పు వెతకడం వృథా శ్రమ. పట్టు మెరుపు వేరు, తోలు మెరుపు వేరు. ఒకే రంగు కూడా రెండింటిపై రెండు ఛాయలుగా కనిపించి, తప్పిపోయిన జతలా ఉంటుంది. ఒళ్లు రంగును వదిలి అంచు రంగునో, నేతలో అక్కడక్కడా మెరిసే మూడో రంగునో పట్టుకుంటే కూర్పు కుదురుతుంది. గద్వాల, నారాయణపేట చీరల్లో అంచు, ఒళ్లు ఎదురెదురు రంగుల్లో ఉంటాయి కాబట్టి అంచు రంగు తోలు వాటికి సహజంగా అమరుతుంది. పోచంపల్లి ఇక్కత్‌లో నాలుగైదు రంగులు కలిసి ఉంటాయి. వాటిలో తక్కువ చోటు తీసుకున్న రంగును కాలికి ఇస్తే కంటికి హాయి. తెల్లటి మంగళగిరి నూలు చీరకు ఎండుమిరప ఎరుపు స్వేడ్ వేసి చూడండి, ఇంక నగ అక్కరలేదు.

ఒకే ఒక్క రంగు జత కొనగలిగినవారికి నా ఎంపిక ముదురు ఎరుపు, అంటే దానిమ్మ గింజకు కాస్త ముదురు. అది బంగారు జరీతోనూ, నీలం జీన్స్‌తోనూ, నలుపు, తెలుపు, గోధుమ రంగులతోనూ కుదురుతుంది. రెండో జతకు ఆవాల పసుపు. చాలామంది దాన్ని కష్టమైన రంగనుకుంటారు, నిజానికి చామనఛాయ పాదాలకు అది ఎంతో అందంగా ఉంటుంది. పాదం ఛాయకు దగ్గరి గోధుమ రంగు కాలిని పొడుగ్గా చూపుతుంది. చీలమండకు అడ్డంగా ఉన్న ముదురు పట్టీ కాలిని పొట్టిగా చూపుతుంది.

చీరకు హీల్స్ వేసుకునేవారు చెప్పులు తొడుక్కున్నాకే చీర కట్టుకోవాలి. కుచ్చిళ్ల పొడవు మడమ ఎత్తును బట్టి సరిపడుతుంది. తరువాత తొడుక్కుంటే చీర అంచు గాలిలో తేలుతుంది. చీర కట్టాక ఎత్తు తక్కువ చెప్పులకు మారితే మడమ ఫాల్‌లో చిక్కుకుని పడే ప్రమాదం ఉంది. మన పెళ్లిళ్లలో మండపం దగ్గర, గుడి దగ్గర చెప్పులు విప్పాలి. పట్టుచీరతో, చేతిలో పళ్లెంతో వంగి సన్నని బకిల్ విప్పడం ఎంత యాతనో పడ్డవారికి తెలుసు. ఆ రోజుకు పట్టీలేని జతనో, లోపల సాగే పట్టీ ఉన్న జతనో ఎంచుకోవాలి. గ్రానైటు, టైల్స్ నేల మీద కొత్త తోలు అడుగు జారుతుంది. ముందుగా పలుచని రబ్బరు అడుగు అతికించుకోవడం మేలు.

స్కూటరు, కారు నడిపేటప్పుడు హీల్స్ విప్పేయాలి. భద్రత మాట అలా ఉంచి, పెడల్ దగ్గర నేలకు ఒరిపిడి తగిలి కుడి మడమ వెనక తోలు గీరుకుపోతుంది. హీల్స్ పాడయ్యే కారణాల్లో ఇది పెద్దది.

సంరక్షణ

వేసుకున్న ప్రతిసారీ ఇంటికి రాగానే మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపడం, ఒక రోజంతా గాలికి ఆరనివ్వడం, ఈ రెండే తొంభై పాళ్లు సంరక్షణ. వరసగా రెండు రోజులు ఒకే జత వేసుకోకూడదు. పాదాల చెమట అస్తరులో ఇంకి, ఆరకముందే మళ్లీ తడిస్తే లోపలి అడుగు పెళుసెక్కుతుంది.

తోలు స్వభావం కొద్దిగా ఆమ్లం, సబ్బు క్షారం. సబ్బు నీళ్లతో కడిగితే తోలులోని కొవ్వులు, రంగు కలిసి బయటికి వస్తాయి. మురికికి కాస్త తడి గుడ్డ చాలు. పోకపోతే తోలుకోసం చేసిన క్లీనరు వాడి, ముందు మడమ లోపలి వైపు పరీక్షించాలి. మన ఇళ్లలో చెప్పులకు కొబ్బరినూనె రాసే అలవాటు ఉంది. నల్ల చెప్పుకు పెద్ద నష్టం కనిపించదు కానీ రంగు తోలు మీద అది ముదురు మచ్చలు చేస్తుంది. దుమ్మును పట్టి ఉంచుతుంది.

పిగ్మెంట్, సెమీ అనిలిన్ తోలుకు నెలకోసారి రంగులేని క్రీము బఠాణీ గింజంత తీసుకుని గుండ్రంగా రాసి, పది నిమిషాలాగి గుడ్డతో మెరుగు పెట్టాలి. న్యూట్రల్ అని రాసి ఉన్నదే కొనాలి. రంగు క్రీము కొనదలిస్తే చెప్పు కన్నా ఒక ఛాయ లేతది తీసుకోవాలి, ముదురైతే వెనక్కి తీయలేం. అనిలిన్ తోలుకు ఇంకా తక్కువ క్రీము చాలు. దాని మీద నీటిచుక్క పడితే ఆ చోటు మాత్రమే రుద్దకుండా, ఆ పక్క తోలంతా సమంగా తడిగుడ్డతో అద్దితే ఆరాక మచ్చ అంచు కనిపించదు. స్వేడ్, నూబక్‌లకు క్రీము తగలనివ్వకూడదు. పొడి బ్రష్‌తో ఒకే దిశలో దువ్వి, మరకను చెప్పుల రబ్బరుతో తుడిపి, అణగిన నూగును కాస్త దూరం నుంచి ఆవిరికి చూపి మళ్లీ దువ్వితే లేస్తుంది.

పేటెంట్ తోలు విషయంలో ఒక్క తప్పు మరమ్మతు లేనిది. దాని పూత పక్కనున్న రంగును పీల్చుకుంటుంది. పసుపు పేటెంట్ జత, ఎర్ర జత ఒకదానికొకటి ఆనేలా పెట్టెలో పెడితే నెల రోజుల్లో పసుపు మీద ఎర్రటి నీడ పడుతుంది, ఏం చేసినా పోదు. దినపత్రికలో చుడితే అక్షరాలు అచ్చుపడతాయి. ఒక్కో చెప్పును విడిగా తెల్లటి కాగితంలోనో, ఉతికిన పాత నూలు గుడ్డలోనో చుట్టాలి.

వానలో తడిసిన జతను ఎండలో పెట్టకూడదు, హెయిర్ డ్రయ్యరు పట్టకూడదు. తడి తోలుకు వేడి తగిలితే కొలాజెన్ పోగులు ముడుచుకుని బిరుసెక్కుతుంది, మళ్లీ మెత్తబడదు. లోపల తెల్ల కాగితం ఉండలు కుక్కి, గంటకోసారి మార్చుతూ నీడలో, ఫ్యాను గాలికి పడుకోబెట్టి ఆరనివ్వాలి. పూర్తిగా ఆరాకే క్రీము.

విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి కోస్తా ఊళ్లలో వర్షాకాలమంతా తోలుకు బూజు భయం. ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టడం బూజుకు పందిరి వేసినట్టే. గాలి ఆడే గుడ్డ సంచి, అందులో సిలికా జెల్ పొట్లాలు ఉంచి, పదిహేను రోజులకోసారి బయటపెట్టి గాలి తగలనివ్వాలి. బూజు పట్టితే ఇంటి బయట పొడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేసి, పిగ్మెంట్ తోలైతే కాస్త నీళ్లు కలిపిన స్పిరిట్‌తో అద్దాలి. అనిలిన్, మెటాలిక్ తోలుకు స్పిరిట్ వద్దు. కలరా ఉండలు తోలుకు నేరుగా తగలకుండా చూడాలి. నెలల తరబడి దాచేటప్పుడు వేళ్ల భాగంలో కాగితం కుక్కితే ఆకారం నిలుస్తుంది. కిటికీ పక్కన అరలో అలంకారంగా పెడితే వెలుతురు పడిన వైపే రంగు తగ్గుతుంది, ఎరుపు, గులాబీ, ఊదా మరీ త్వరగా.

మరమ్మతు

నడుస్తుంటే టకటక శబ్దం మారి లోహం తగిలినట్టు వినిపించిందంటే టిప్ అరిగి పిన్ను బయటపడిందని అర్థం. అక్కడికి రాకముందే మార్పించాలి. చెప్పులు కుట్టే అతను పాత టిప్ పిన్నును పట్టకారుతో లాగి, కొత్తది సుత్తితో దించి, అంచులు చెక్కే పని పది నిమిషాలది. ఆలస్యమైతే మడమ ప్లాస్టిక్, దానికి చుట్టిన తోలు రెండూ నేలకు అరుగుతాయి. ఒక టిప్ అరిగినా రెండూ మార్పించాలి, లేకుంటే నడక వంకర పోతుంది.

పిగ్మెంట్ తోలుపై గీతకు అదే ఛాయ అక్రిలిక్ రంగును సన్నని కుంచెతో పలుచగా రెండు మూడు పూతలు వేస్తే కప్పుకుపోతుంది. అనిలిన్ తోలుకు పూత పెడితే అతుకు కనిపిస్తుంది, రంగు క్రీముతోనే మెల్లగా సరిచేయాలి. మొత్తం రంగు మార్చాలనుకుంటే లేత నుంచి ముదురుకే సాధ్యం. పసుపు జతను ఎరుపుగానో, ఎరుపును వంకాయ రంగుగానో మార్చవచ్చు, తిరిగి తేలేము. మడమకు చుట్టిన తోలు చిరిగితే సరిగ్గా అదే రంగు ముక్క దొరకడం అరుదు. అప్పుడు రెండు మడమలకూ వేరే రంగు తోలు చుట్టించాలి. నీలం జతకు ఎర్ర మడమలు, పసుపు జతకు గోధుమ మడమలు బాగుంటాయి. చుట్టే తోలు పలుచగా, మేకదై ఉంటే మడమ వంపు దగ్గర ముడతలు పడదు.